పిడికిలి కుండ

శనివారం పొద్దు వాలేసరికి యేసన్న ప్రార్థన గుడి అరుగు మీద గోనెపట్ట పరిచి, ఇత్తడి సోల ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సోల అంచును తువ్వాలుతో తుడిచాడు. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి, పాత గింజ ఏదీ అంటుకుని లేదని చూసుకున్నాడు. కొలతలో ఒక్క గింజ అటూ ఇటూ అయినా అతనికి సరిపోదు.

కింది వీధిలో పద్నాలుగు క్రైస్తవుల ఇళ్ళు. వంటకు గింజలు తీసుకున్నప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు దేవుని పేర చిన్న కుండలో వేయడం ఆ ఇళ్ళలో వాడుక. రెండు పూటలకు రెండు పిడికిళ్ళు. వారానికి పద్నాలుగు పిడికిళ్ళు, దగ్గర దగ్గర రెండు సోలలు. శనివారం కుండలు గుడికి వస్తాయి. యేసన్న కొలిచి కాగితం మీద రాస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటి పేరు, కొలత గట్టిగా చదువుతాడు. ఈ వాడుక మొదలుపెట్టింది అతని భార్య చిన్నక్క. కుమ్మరి దగ్గర పద్నాలుగు కుండలు తెచ్చి ఇంటింటికీ పంచింది ఆమే. ఇంటి పేరు, కొలత చదవడం మాత్రం ఆమె పోయాక యేసన్న పెట్టింది.

ఈ ఏడు ఆ కొలతకు ఇంకో పని వచ్చిపడింది. ఎండలు తగ్గేముందు ఊళ్ళోకి జ్వరం వచ్చింది. పేపర్లలో ఫ్లూ అని రాశారు. ఊళ్ళో మాత్రం గుంతకల్లు జ్వరం అన్నారు, రైలు దిగి వచ్చిందని. ఇంటికి ఇద్దరు ముగ్గురు పడుకున్నారు. కూలి ఆగిపోయింది. కూలి ఆగేసరికి అంగడి శ్రీరంగప్ప పాత బాకీ తీరిస్తేగాని ఉప్పుగల్లు కూడా ఇవ్వనన్నాడు. పామిడిలో ఉండే పాస్టరయ్య నలభై అయిదు రూపాయలు పంపి, మంచాన పడిన ఇళ్ళ అంగడి బాకీలు కట్టమని, వచ్చిన పిడికిలి గింజలు గంజి కాచి పంచమని జాబు రాశాడు. ఈ పని యేసన్న, పాపన్న, బయమ్మ ముగ్గురూ కలిసి చూసుకోవాలి. మూడో రోజుకే పాపన్న పడుకున్నాడు. మిగిలింది ఇద్దరు.

దుడ్లు అందరికీ చాలవు. ఎవరికి కట్టాలి, ఎవరికి మానాలి? అడిగితే ఎవరైనా లేదనే అంటారని యేసన్న అన్నాడు. అడగవలసిన పని లేదన్నాడు. పొయ్యి వెలగని ఇంట్లో పిడికిళ్ళు తగ్గుతాయి. కుండలో కొలత తగ్గితే ఆ ఇంటికి కట్టాలి. తగ్గకపోతే అక్కర లేదు.

ఆ రోజు నాలుగు కుండలు తక్కువ వచ్చాయి. ఒకదాంట్లో నాలుగే పిడికిళ్ళు. ఇంకోదాంట్లో గింజలే లేవు, అడుగున ఒక చింతగింజ ఉంది. అవన్నీ అతను ముఖం మార్చకుండా రాసుకున్నాడు. ఆ తర్వాత అంచు విరిగిన కుండ చేతికి తీసుకున్నాడు. అది తిప్పన్న ఇంటిది. తిప్పన్న భార్య సుంకమ్మ దాన్ని ఎప్పుడూ అందరికంటే ముందే తెచ్చి పెడుతుంది.

సోలలోకి వంచేసరికి బూడిదరంగు దుమ్ము లేచింది. జొన్నలు రెండు సోలలు నిండి, ఇంకా పైన కుప్పగా నిలిచాయి. అతని అరచేయి తెల్లబడింది. గింజల్లో ఒక ఎండు వేపరెబ్బ తుంపు కనపడితే తీసి పారేశాడు.

"దేవుని గింజలు. చేతులన్నా కడుక్కోని వేయరు," అంటూ ఊది, కుప్పను వేలితో కోసి సమం చేశాడు.

బయమ్మ గంజి తపేలా కడుగుతూ ఇటు తిరిగింది. ఆమె పదేళ్ళ కిందట ముండమోసింది. పొద్దున లేచి తపేలా తీసుకుని వీధంతా తిరగడం, ఎవరికి ఎంత జ్వరమో చేత్తో చూసి రావడం ఈ నెలంతా ఆమె పని.

"తిప్పన్న పడుకొని తొమ్మిది దినాలాయ అన్నా. వాళ్ళమ్మ లక్ష్మక్కకూ తగులుకునింది. ఆ ఇంటి బాకీ కట్టేయల్ల," అంది.

"కుండ చూడు. రెండు సోలలు, పైన ఇంతెత్తు."

"కుండను చూస్తే ఏం తెలుస్తాది? మనిషిని చూడు."

"మనుషులు చెప్పేది విని విని నాకు సాలయింది. ఇది కొలత."

"అట్లనా. అయితే నీ ఇంటి కుండ కొలత ఎంతో అదీ సెప్పు, విందాం."

యేసన్న పెన్సిలు మొన నాలుకకు తాకించి, తిప్పన్న ఇల్లు, రెండు సోలలు, నిండు అని రాశాడు. చిన్నక్క పోయి మూడేళ్ళు. ఆ ఇంటి కుండ అటక మీద బోర్లించి ఉంది. ఒక్కడికి పొయ్యి వెలిగించడమే ఎక్కువ, పిడికిలి తీయడం ఎందుకని అతను మానేశాడు. వీధిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, బయమ్మ తప్ప.

సుంకమ్మ కుండ నిండుగా రావడం తన గొప్పే అని అతను అనుకునేవాడు. పోయిన కోతల పండుగకు ఆ ఇంటి నుంచి ఖాళీ కుండ వచ్చింది. అందరూ గుడిలో కూర్చుని ఉండగా దాన్ని చేతికెత్తి, బోర్లించి, రెండుసార్లు దులిపాడు. ఒక సాలెపురుగు రాలి పరిగెత్తింది. ఈ ఇంట్లో వారమంతా ఎవరూ సంగటి తినలేదంట అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సుంకమ్మ తల వంచుకుని, కూతురి జుట్టులో పేలు చూస్తున్నట్టు కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ కుండ తక్కువ రాలేదు.

మరునాడు గుడిలో అతను కొలతలు చదివాడు. తక్కువ వచ్చిన ఇళ్ళ పేర్లు వచ్చినప్పుడు జనం కదిలారు, దగ్గారు. తిప్పన్న ఇల్లు, రెండు సోలలు, నిండు అన్నప్పుడు వెనక వరసలో సుంకమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. ఆమె మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. అది యేసన్న కంటికి కనపడింది. జ్వరాల నెల, అందరి మెడలూ అట్లాగే ఉన్నాయని అతను రెండో కాగితం తీశాడు.

సోమవారం పొద్దున దుడ్లు తువ్వాలు కొనకు కట్టుకుని అంగడికి పోయాడు. కింది వీధి వాళ్ళు శ్రీరంగప్ప అంగడి మెట్టు ఎక్కరు. కింద నిలబడి, దుడ్లు పలక మీద పెడతారు. శ్రీరంగప్ప నీళ్ళు చల్లి తీసుకుంటాడు. యేసన్న నాలుగిళ్ళ పేర్లు చెప్పి, ఒక్కొక్క ఇంటికీ విడివిడిగా పెట్టి, చీటీ మీద కొట్టివేతలు తన కంటితో చూశాకే రెండో ఇంటికి పోయాడు. కొత్త నయాపైసల లెక్క శ్రీరంగప్ప రెండుసార్లు తప్పు చెప్పాడు. యేసన్న రెండుసార్లూ దిద్దాడు.

"నీ కన్ను కప్పేది కష్టమప్పా యేసన్నా," అన్నాడు శ్రీరంగప్ప. "ఇంగ తిప్పన్నది ఏడు రూపాయలుండాది. అదీ కడ్తావా? ఆడమనిషి మూడు దినాలుగా వచ్చి నిలబడతాంది, జొన్నలు ఇయ్యమని."

"ఆ ఇంటికి అక్కర లేదు."

"అక్కర లేకుండా ఎందుకు వస్తాదప్పా?"

"ఊరికే వచ్చేది పోగొట్టుకోవడం ఎవురికి ఇష్టం? వాళ్ళింట్లో గింజలుండాయి. నేను కొలిచినా."

చెప్పి తిరిగేసరికి సుంకమ్మ అంగడి పక్క గోడ నీడలో నిలబడి ఉంది. చేతిలో కిరసనాయిలు సీసా, దాని మెడకు కట్టిన తాడు వేలికి చుట్టుకుని ఉంది. విన్నదా లేదా అని అతనికి అనుమానం రాలేదు. వినాలనే గట్టిగా అన్నాడు. ఆమె వేలికి చుట్టుకున్న తాడు విప్పి, మళ్ళీ చుట్టుకుంది. శ్రీరంగప్ప పిలవకముందే ఖాళీ సీసాతో వెనక్కి తిరిగి కింది వీధి వైపు నడిచింది.

ఆ సాయంత్రానికే యేసన్నకు వళ్ళు నొప్పులు మొదలయ్యాయి. మంగళవారం లేవలేకపోయాడు. కళ్ళ వెనక ఎవరో మేకులు దిగగొడుతున్నట్టుంది. నీళ్ళకుండ మూడు బారల దూరంలో ఉంది. ఆ మూడు బారలు పాకడానికి అతను చాలాసేపు ఆలోచించవలసి వచ్చింది.

మధ్యాహ్నం బయమ్మ వచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తడిగుడ్డ వేసి, తపేలాలోంచి ముంతలోకి గంజి పోసి నోటికి అందించింది. రెండు గుక్కలు తాగి యేసన్న ముఖం పక్కకు తిప్పాడు.

"చేదుగా ఉండాది. ఏం కాచినావు?"

"జొన్న గంజి. ఏం కాస్తా, పరమాన్నమా?"

"గింజలు కడగకుండా దంచినావు. బూడిద పట్టిండాది."

"మూడు నీళ్ళు పోసి కడిగినా. ఈ వారం కుండల్లో వచ్చినవే ఇవి, నువ్వు కొలిచినవే. జ్వరం నోటికి ఏదైనా చేదే. తాగు."

ఇవి ఎవరి కుండలో గింజలు అని అతను అడగలేదు. కొలిచాక అన్ని గింజలూ ఒకే సంచిలో పోస్తారు. సంచిలో పడ్డాక అవి దేవునివి. బుధవారం, గురువారం కూడా అదే గంజి తాగాడు. తాగిన ప్రతిసారీ బయమ్మ వంటను తిట్టాడు. ఆమె నవ్వి, తిట్టేదానికి బలం వచ్చిందంటే జ్వరం దిగినట్టే అంది. మాటల్లో తిప్పన్న లేచి కూర్చున్నాడని, లక్ష్మక్క మాత్రం గుటక వేయలేకుండా ఉందని, ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో చూడాలని పోతే సుంకమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడి మాట్లాడి పంపించిందని చెప్పింది. గర్వం అన్నాడు యేసన్న. బయమ్మ ముంత కడుక్కుని వెళ్ళిపోయింది.

గురువారం సాయంత్రం ఈశాన్యం నుంచి మబ్బు లేచింది. అట్లాంటి మబ్బులు ఆ పీఠభూమి మీద చాలా చూశారు. పైన నడిచి పెన్న దాటి పోయేవే ఎక్కువ. ఇది మాత్రం నిలబడి కురిసింది. ఎర్రమట్టి జానెడు లోతు తడిసింది. వీధిలో జ్వరంతో మూలిగేవాళ్ళు కూడా లేచి గడపల్లో కూర్చుని చేతులు చాచి వాన పట్టుకున్నారు.

ఆ నేలలో తడి పదును రెండు రోజులకు మించి నిలవదు. శుక్రవారం పొద్దున నడవగలిగిన ప్రతి మనిషీ చేలో ఉన్నాడు. యేసన్న కాళ్ళు వణుకుతున్నా విత్తే గొర్రు భుజాన వేసుకుని పోయాడు. గింజలు వేయడానికి బయమ్మ వచ్చింది. అటక దగ్గరి పెద్ద కుండ మూతికి మెత్తిన మట్టి పగలగొట్టి, విత్తనం సంచిలోకి వంచుకుని తెచ్చాడు. అతనిది తెల్లజొన్న. చుట్టుపక్కల అందరిదీ పచ్చజొన్న.

గొర్రు దిగింది. మూడు కొయ్యల వెనక మూడు సాళ్ళు పడ్డాయి. బయమ్మ ఒడిలో గింజలు పోసుకుని, పిడికిలితో గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి సన్నగా జారవిడుస్తూ వెనక నడిచింది. తడిమట్టి వాసన, ఎద్దుల చెమట వాసన. పక్క చేను తిప్పన్నది. ఆరేళ్ళ కిందట దర్ఖాస్తు పెట్టుకుంటే సర్కారు ఇచ్చిన మూడెకరాలు. తిప్పన్న అవతలి చేను సుబ్బన్న దగ్గర ఒక రోజుకు ఒక జత ఎద్దులు అడిగి తెచ్చుకుని గొర్రు తోలుతున్నాడు. ప్రతి సాలు చివరా ఆగి మేడికి ఆనుకుంటున్నాడు. వెనక సుంకమ్మ. ఒడి ముడి ముందుకు ఉబ్బి ఉంది. పిడికిలి తీస్తూంది, జడ్డిగం మీద పెడుతూంది, మళ్ళీ ఒడిలోకి పోతూంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి యేసన్న కళ్ళు తిరిగాయి. ఎద్దుల్ని నిలిపి, గెనెం గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగాడు. కూర్చుని ఊరికే చేల వైపు చూశాడు. అప్పుడు కనపడింది.

విత్తిన చేలన్నిటి మీదా గువ్వలు వాలి ఉన్నాయి. అతని చేలో ఉన్నాయి, అవతల సుబ్బన్న చేలో ఉన్నాయి, దూరంగా రెడ్ల చేలల్లో బూడిదరంగు చుక్కల్లాగా కదులుతున్నాయి. తిప్పన్న చేలో కాకులు మాత్రమే ఉన్నాయి. కాకులు పురుగు కోసం ఏ సాలు వెనకైనా దిగుతాయి. గువ్వలు గింజకే దిగుతాయి. పొద్దున నుంచి తోలిన చేలో, సగానికి పైగా సాళ్ళు పడ్డ చేలో, ఒక్క గువ్వ లేదు.

అతను లేచి గెనెం దాటాడు. మొదటి సాలు దగ్గర గొంతుక్కూర్చుని వేళ్ళతో మట్టి తవ్వాడు. లోపల ఏమీ లేదు. బారెడు అవతల తవ్వాడు. ఇంకో సాలులో తవ్వాడు. తడిమట్టి, ఒక వానపాము, ఒక రాయి. గోళ్ళలో మట్టి ఇరుక్కుంది. ఆ మట్టి చేతుల్ని చూస్తూ ఉండగా శనివారం నాటి అరచేయి గుర్తొచ్చింది.

విత్తనానికి పొయ్యి బూడిద పట్టిస్తారు. పురుగు పట్టకుండా మధ్య మధ్య ఎండు వేపాకు వేస్తారు. ఈ పొద్దున అతనే మట్టి పగలగొట్టి వంచినప్పుడు లేచింది అదే దుమ్ము. చిన్నక్క బతికున్నన్నాళ్ళూ ప్రతి ఏడూ అతని కళ్ళ ముందే ఆ పని చేసింది. తెలియని వాసన కాదు. ఆ రోజు ముక్కుకు తగిలింది, చేతికి అంటింది, వారమంతా నోటికి చేదుగా దిగింది. చేతులు కడుక్కోని మనిషి అనుకున్నాడు.

గొర్రు అటు చివర తిరిగి ఇటు వస్తూంది. తిప్పన్న అతన్ని చూశాడు, చూడనట్టు ఎద్దుల తోకలు పట్టుకుని ముందుకు పోయాడు. సుంకమ్మ చెయ్యి మాత్రం జడ్డిగం మీద ఆగిపోయింది. ఆమె నిలబడింది. ఒడి ఉబ్బు గుడ్డపేలికలది. పిడికిలి ఇంకా మూసే ఉంది. యేసన్న దాని వైపు చూస్తుంటే ఆమే నెమ్మదిగా తెరిచింది. ఖాళీ.

"విత్తనం ఏమాయ సుంకమ్మా?"

"కొంచెం మేం తింటిమి మామా. కొంచెం నీ కుండలోకి వచ్చె."

"నాదేముంది, అది దేవునిది."

"దేవునిదే. కొలిచేది నువ్వు గదా."

లేదని ఒక్క మాట చెప్పివుంటే అయిపోయేది కదా, పాస్టరయ్య దుడ్లు పంపింది దానికే కదా అన్నాడు. గట్టిగా అందామనుకున్నాడు గాని గొంతు జ్వరపు గొంతే వచ్చింది.

"ఒగసారి లేదని కుండ పంపిస్తి," అంది ఆమె. "బోర్లిచ్చి చూపిస్తివి."

తిప్పన్న సాలు చివర ఆగి, అటు తిరిగి మేడికి ఆనుకుని ఉన్నాడు. అతని వీపు ఎగసి ఎగసి పడుతూంది.

"మరి ఈ ఉత్త గొర్రు ఎందుకు తోలుతాండారు?"

"బీడు పెడితే అందరూ అడుగుతారు. విత్తి మొలవకుంటే తప్పు వాన మీదికి పోతాది."

ఆ మాట ఆమె మామూలుగా, పొయ్యిలో కట్టె ఎగదోసే మనిషి చెప్పినట్టు చెప్పింది. యేసన్న తన చేను వైపు తిరిగి, సంచిలో ఇంకా సగం విత్తనం ఉందని, తనకు రెండెకరాలు పడింది చాలునని, మిగిలిన సంచి తీసుకొస్తానని, పొద్దు గూకేలోపల ఈ మూడెకరాలూ మళ్ళీ తోలుకోవచ్చునని గబగబా చెప్పాడు. అంత పొడుగు మాట అతను మాట్లాడి చాలాకాలమైంది.

"వద్దు మామా."

"ఎందుకొద్దు? పదును పోతాది."

"అదీ నువ్వు ఆదివారం చదువుతావు."

ఆమె గొర్రు వైపు నడిచింది. చెయ్యి ఒడిలో పెట్టి, పిడికిలి తీసి, జడ్డిగం మీద పెట్టింది. తిప్పన్న ఎద్దుల్ని అదిలించాడు. సాలు మళ్ళీ మొదలైంది. అటు సుబ్బన్న చేలో పనిచేసే వాళ్ళు తలెత్తి చూసి, మళ్ళీ వంగారు. వాళ్ళ కంటికి అది విత్తడమే.

యేసన్న తిరిగి వచ్చి ఎద్దులు విప్పేశాడు. అన్నా ఇంకా ఎకరా ఉందే అని బయమ్మ అడిగితే చాలు అన్నాడు. మిగిలిన సంచిని ఇద్దరి చేల నడుమ గెనెం మీద పెట్టి, మూతి తాడుతో కట్టి, ఇంటికి పోయాడు. జరిగింది బయమ్మకు దారిలో చెప్పాడు. ఆమె నడక ఆపలేదు, తిట్టలేదు. వాళ్ళ చేను దాటేదాకా ఊరుకుని, మొన్న తాగిన గంజి ఎవరిదో ఇప్పుడు తెలిసింది గదన్నా అని మాత్రం అంది.

శనివారం తెల్లవారగానే చేనికి పోయాడు. సంచి గెనెం మీదే ఉంది. ఖాళీగా, నాలుగు మడతలు పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి ఉంది. సుబ్బన్న ఎద్దులు రాత్రికే తిరిగి పోయాయి. గొర్రు లేదు. సుంకమ్మ, ఇద్దరు కూతుళ్ళు పారలతో సాళ్ళు గీసి చేత్తో గింజలు వేస్తున్నారు. ముందు రోజు పొద్దుగూకే వేళ కొంత వేసినట్టుంది. గెనెం పక్కన ఆరేడు సాళ్ళ మీద గువ్వలు తిరుగుతున్నాయి. చిన్నపిల్ల మట్టిగడ్డ విసిరి వాటిని తోలుతూంది. పైమట్టి అప్పటికే రంగు తేలుతూంది. పొద్దు ఎక్కేకొద్దీ పార దిగడం కష్టమవుతుంది. మూడెకరాలు ముగ్గురు ఆడవాళ్ళు పారలతో విత్తలేరని అతనికి తెలుసు, వాళ్ళకూ తెలుసు. తన ఎద్దులు తోలుకొస్తానని కేక వేశాడు. సుంకమ్మ వినపడనట్టే వంగి గీసుకుంటూ పోయింది. అతను ఇంకోసారి కేక వేయలేదు.

అక్కడ్నుంచి నేరుగా అంగడికి పోయి, తిప్పన్న బాకీ ఏడు రూపాయలు పలక మీద పెట్టాడు. శ్రీరంగప్ప నీళ్ళు చల్లి తీసుకుంటూ, ఇదేదో సోమవారమే కట్టివుంటే ఆ పొద్దే జొన్నలు కొలిచి ఇచ్చేవాడినన్నాడు. విత్తనానికి పనికొచ్చే జొన్నలు ఉన్నాయా అని యేసన్న అడిగాడు. శ్రీరంగప్ప మూటలోంచి పిడికెడు తీసి చూపించాడు. రెండేళ్ళవి. గింజకొక చిల్లి ఉంది.

"తినేదానికి పనికొస్తాయప్పా. మొలిచేదానికి కాదు."

సాయంత్రం గుడి అరుగు మీద కుండలు వచ్చాయి. అంచు విరిగిన కుండ అన్నిటికంటే ముందు ఉంది. తెచ్చి పెట్టింది చిన్నపిల్ల, పెట్టి పరిగెత్తింది. యేసన్న గోనెపట్ట పరిచాడు. సోల తుడవలేదు. కుండ వంచాడు. బూడిద లేచింది. రెండు సోలలు నిండి, పైన కుప్ప నిలిచింది. తెల్లజొన్నలు.

అతను చాలాసేపు వాటిని చూస్తూ కూర్చున్నాడు. అతను ఇచ్చిన దాంట్లోంచి కూడా దేవుని పిడికిలి తీసింది. చేలో పడవలసినవి రెండు సోలలు. ఇప్పుడు పట్టుకుపోయి వేసినా పైమట్టి ఎండిపోయింది.

"రాసుకోవా?" అంది బయమ్మ.

రాసుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం లేవకుండా కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు దగ్గి గొంతు సవరించుకున్నారు. లక్ష్మక్కను కూడా మనవరాళ్ళిద్దరూ రెక్కలు పట్టి తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. యేసన్న లేచి, జేబులోంచి కాగితం తీసి, విప్పకుండానే, ఈ వారం నుంచి కొలతలు చదవడం లేదన్నాడు. కుండలు ఎవరికి వీలైతే వాళ్ళు తెచ్చి సంచిలో వంచి పోవచ్చునన్నాడు. అంతే చెప్పి, కాగితం మళ్ళీ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కొందరు తేలిగ్గా ఊపిరి వదలడం అతనికి వినపడింది. ఇన్నేళ్ళలో ఒక్క పనైనా సరిగ్గా చేశాననుకున్నాడు.

గుడి ఖాళీ అయింది. అతను చాపలు చుడుతుంటే గడప దగ్గర నీడ పడింది. సుంకమ్మ. కొంగు తల మీద నిండుగా కప్పుకుని ఉంది. అరచేతుల్లో పార పిడి కోసిన బొబ్బలు పగిలి ఉన్నాయి.

"నా పేరు సదవలేదే మామా."

అతను చాప వదిలి నిలబడ్డాడు.

"ఇంగ ఎవురిదీ సదవను సుంకమ్మా. ఎవురికీ తల కొట్టేసినట్టు కాగూడదని."

"నా కుండ నిండుగా వచ్చె గదా."

"వచ్చె."

"ఇంట్లో గింజ లేనప్పుడు నలుగురిలో దులిపితివి," అంది. గొంతు పెంచలేదు. "నిండుగా పెట్టినప్పుడు నలుగురిలో అనొద్దా? ఏటికి పెట్టినట్టు నేను? మూడెకరాలు పెట్టినా మామా దాంట్లో."

యేసన్న వాకిలి దాటి వీధి వైపు చూశాడు. జనం అప్పటికే వీధి మలుపు తిరిగారు. పిలిస్తే వినపడేంత దూరంలో లేరు. వినపడినా జ్వరపు కాళ్ళతో మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళు కాదు. ఆమె గడప దగ్గరే నిలబడి ఉంది, పోవడం లేదు.

అతను జేబులోంచి కాగితం తీసి విప్పాడు. ఎప్పుడూ నిలబడే చోటికి పోయి నిలబడి, ఖాళీ గోడల వైపు తిరిగి, నిండుగా జనం ఉన్నప్పుడు చదివినంత గట్టిగా చదివాడు.

"తిప్పన్న ఇల్లు. రెండు సోలలు. నిండు."

సుంకమ్మ తల వంచుకుని వింది. విన్నాక ఇంకేమైనా ఉందేమోనన్నట్టు ఒక నిమిషం ఆగింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని మెట్లు దిగింది. ఇంటి వైపు కాదు, పార ఆనించి పెట్టిన చోటికి. ఆదివారం పని చేయగూడదని ఇన్నేళ్ళూ ఆ వీధికి చెప్పింది యేసన్నే. కిటికీలోంచి ఆమె పార భుజాన వేసుకుని చేనికి పోవడం చూస్తూ నిలబడ్డాడు. మట్టి ఎండిపోయిందని ఇద్దరికీ తెలుసు.